సిరాజ్ పెట్టిన పదకొండు మచ్చలు

బోధన్ బస్టాండు ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియో నాది. నా పేరు బాపురావు. ఫోటోలు తీసేది నేను, పేరు మాత్రం సిరాజ్‌ది. ఈ సంగతి ముందే చెప్పేస్తే నా కోపం కొంత చల్లారుతుంది, మిగతాది స్థిమితంగా రాయగలుగుతాను.

సిరాజ్ మా దగ్గర టచింగ్ చేస్తాడు. పద్దెనిమిదేళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ. ఇన్నేళ్లలో అతను కెమెరా ముట్టుకున్నది దుమ్ము తుడవడానికే. అయినా రెంజల్ నుంచి, వర్ని నుంచి బస్సు దిగినవాళ్లు "సిరాజ్ దుకాణం ఏది?" అని అడుగుతారు. "ఇది బాపురావు దుకాణం" అంటే అనుమానంగా చూసి, "సిరాజ్ ఉన్నడా లోపల?" అని మళ్లీ అడుగుతారు.

అతనికి ఇప్పుడొక వింత అలవాటు ఉంది. నెగటివ్ చేతికి తీసుకోగానే ఫోటో దిగిన మనిషిని పిలిచి, "ఉంచాల్నా, తియ్యాల్నా?" అని అడుగుతాడు. ముఖం మీది మచ్చల గురించి ఆ అడగడం. నిజామాబాద్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ ఏ స్టూడియోలోనూ ఇలా అడగరు. అడిగితే జనం నొచ్చుకుంటారు. కొందరు లేచి వెళ్లిపోయారు కూడా. ఈ అలవాటు అరవై ఎనిమిదిలో మొదలైంది. అది ఎలా మొదలైందో చెప్పాలంటే సిరాజ్ మా దగ్గరికి ఎలా వచ్చాడో కూడా చెప్పాలి.

సిరాజ్ తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. యాభై ఆరులో రాష్ట్రం మారింది. బోర్డుల మీద ఉర్దూ తగ్గింది, తెలుగు పెరిగింది. ముసలాయనకు తెలుగు రాదు. నేను స్టూడియో తెరిచి బోర్డు రాయమంటే కొడుకును పంపాడు. కొడుక్కూ తెలుగు అంతంత మాత్రమే. నేను కాగితం మీద రాసిచ్చింది చూసి బొమ్మ గీసినట్టు గీశాడు. నా చేతిరాతలో ఉన్న వంకర కూడా వదలకుండా దించాడు. ఆ వంకర ఇప్పటికీ బోర్డు మీద ఉంది. బోర్డు చూసి నాకు కోపం రావలసింది. కానీ ఇంత చెయ్యి ఉన్నవాడు మళ్లీ దొరకడని తోచి, మర్నాటి నుంచి పనికి రమ్మన్నాను.

టచింగ్ అంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. నెగటివ్‌లో నలుపూ తెలుపూ తారుమారుగా ఉంటాయి. ముఖం మీద గుంట ఉంటే నెగటివ్‌లో అక్కడ సూదిమొనంత వెలుగు కనిపిస్తుంది. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో దాన్ని తాకితే కాగితం మీద గుంట పూడిపోతుంది. ముఖం మీద తెల్లటి మెరుపు ఉంటే నెగటివ్‌లో అది నల్లటి చుక్క. దాన్ని బ్లేడు ముక్కతో గీకాలి. ఒకటి పెట్టడం, ఒకటి తీయడం. పని ఇంతే. కళ్లు మాత్రం నలభై ఏళ్లకే పోతాయి.

మా జిల్లాలో ఆ రోజుల్లో మచ్చల్లేని ముఖం అపురూపం. ఇంటింటా ఎవరో ఒకరికి మశూచి సోకి, అమ్మవారు పోసే ఉండేది. బతికినవాళ్లకు ముఖం మీద గుంటలు మిగిలేవి. పెళ్లిచూపులకు ముందు ఫోటో పంపే పద్ధతి అప్పుడప్పుడే మొదలైంది. ఇంకేముంది, సిరాజ్ పెన్సిల్‌కు తీరిక లేదు. అడగక ముందే అందరి ముఖాలూ నున్నగా చేసి ఇచ్చేవాడు. అది మా మర్యాద. ఇంటికొచ్చిన వాళ్లకు మంచినీళ్లు ఇవ్వడానికి అడుగుతామా, అలాగే.

ఒకసారి బాన్సువాడ నుంచి ఒక పెళ్లికొడుకు మేనమామ కర్ర తీసుకొని వచ్చాడు.

"ఫోటోల పిల్ల మొకం మీద ఒక్క మచ్చ లేకుండె. ఇంటికి పోయి సూస్తె మొకమంత మచ్చలే. గిదేం దగా?"

సిరాజ్ తల ఎత్తలేదు. "చాచా, మీ పిలగాని ఫోటో గూడ నేనే చేసిన. పెన్సిల్ పెట్టకముందుది ఒకటి ఉన్నది. పిల్లవాళ్లకు పంపమంటరా?"

ఆయన కాసేపు నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు. పెళ్లి జరిగింది. ఫోటోలు కూడా మేమే తీశాం.

సిరాజ్ తల్లి హుసేన్ బీకి ఈ పని నచ్చేది కాదు. దేవుడు పెట్టినవి చెరపడానికి నువ్వెవరు, రేపు పైన అడిగితే ఏం చెబుతావు అనేది. "బాపురావు సాబ్ చెయ్యమన్నడని చెప్త" అనేవాడు సిరాజ్. పైన నా పేరు ఆ విధంగా నమోదై ఉంటుంది.

ఇక నీళ్ల ఫోటోల సంగతి. ఇది పూర్తిగా నా ప్రతిభ, దయచేసి గమనించండి.

అరవై ఏడులో గోదావరి పుష్కరాలు వచ్చాయి. కందకుర్తిలో మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోట జనం ఇసుక వేస్తే రాలనంతగా దిగారు. నేను ఒడ్డున గుడారం వేసుకొని, మునిగి లేచినవాళ్లను చేతులు జోడించమని ఫోటోలు తీస్తున్నాను. అందరూ వానలో తడిసిన కోళ్లలా వస్తున్నారు. రెండో రోజు ఒక షావుకారు మునిగి లేస్తూ రెండు చేతులతో నీళ్లు పైకి ఎగజల్లాడు. సరిగ్గా అప్పుడే నా వేలు పడింది. కడిగి చూస్తే, గాలిలో ప్రతి బొట్టూ విడివిడిగా నిలబడి ఉంది. దండ తెగి పూసలు చెదిరినట్టు, అయినా ఒక్కటీ కింద పడకుండా. నా జన్మలో అలాంటిది చూడలేదు. తడి ఫోటోను గుడారం బయట తాడుకు కట్టాను. గంటలో నలభై మంది చేరారు.

"గా నీళ్లు ఎగిరేది మాకు గూడ కొట్టన్నా."

అప్పటి నుంచి నేను నీళ్లను ఆపడం నేర్చుకున్నాను. నా కెమెరాలో సెకనులో ఐదువందో వంతు వేగం ఉంది, కానీ వేగం ఒక్కటే చాలదు. నీళ్లు లేచేటప్పుడు నొక్కితే గీతలు వస్తాయి. పడేటప్పుడు నొక్కితే మసక. పైకి పోయి, ఇక పోలేక, కిందికి రావాలా వద్దా అని ఆగే క్షణం ఒకటి ఉంటుంది. అప్పుడు నొక్కాలి. ఎండ పక్క నుంచి రావాలి. వెనక ఒడ్డు నల్లగా ఉండాలి. ఇవన్నీ నేను కనిపెట్టినవి. పన్నెండు రోజుల్లో మూడువందల పైచిలుకు నీళ్ల ఫోటోలు తీశాను.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, నీళ్లు బాగా ఎగిరితే ముఖం కనిపించదు. ముక్కు మీద బొట్టు, కంటి మీద బొట్టు, పళ్ల మధ్య బొట్టు. "నీళ్లు మంచిగున్నయి, మా ఆయన ఏడీ?" అని తారాబాయి అనే ఒకావిడ ఫోటో నా మీదికి విసిరింది. అప్పుడు సిరాజ్ బ్లేడు తీసుకొని ముఖం మీది బొట్లు మాత్రం గీకేసి, చుట్టూ ఉన్నవి అలాగే ఉంచాడు. ముఖం పొడిగా, చుట్టూ గోదావరి. జనం మురిసిపోయారు. నీళ్లను ఆపింది నేను, మెప్పు నీళ్లను తీసేసినవాడికి.

పుష్కరాలు అయిపోయినా ఆ మోజు పోలేదు. అలీసాగర్ దగ్గర, కాలువ తూముల దగ్గర నీళ్లు ఎగజల్లుకుంటూ ఫోటోలు దిగడం మా వైపు ఒక వేడుకైంది. తీయించుకొని మళ్లీ రానివాళ్లవి, చిన్న ఫోటోలూ నెగటివ్‌లూ కలిపి, ఒక బిస్కెట్ల డబ్బా నిండా మిగిలాయి.

మరుసటి ఏడు పెత్రమాసకు పది రోజుల ముందు ఈరవ్వ వచ్చింది. పెత్రమాస అంటే చనిపోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. పటాలు కట్టించుకునేవాళ్లతో మా దుకాణం నిండే రోజులు. ఈరవ్వది ఎడపల్లి. చెరుకు, వరి పండించే ఇల్లు. కొంగు ముడి విప్పి ఒక చీటీ తీసింది. నా చేతిరాతే. నెంబరు, కింద "తుకారాం, ఎడపల్లి, నీళ్ల ఫోటో" అని ఉంది.

"నా కొడుకు ఫోటో మీ కాడ ఉన్నదట బిడ్డా. వాని అంగీ జేబుల ఈ చిట్టి దొరికింది."

"కొడుకు రాలేదా అవ్వా?" అన్నాను.

"రాడు. మాఘంల చెరుకు కొడుతుంటె పురుగు ముట్టింది."

బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పింది. పాము కరిచిందని అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. సిరాజ్ కిటికీ దగ్గర నుంచి లేచి వచ్చి డబ్బాలో వెతికాడు.

ఫోటో దొరికింది. నీళ్ల వరకు చూస్తే నేను తీసిన వాటిలో అదే మేలైనది. చేటంత నీటి పొర పైకి లేచి, అంచున చింపిరిగా చిట్లి, వంద బొట్లై నిలబడింది. దాని వెనక ఒక కుర్రవాడు. తడి జుట్టు, నుదురు, ఒక చెవి, ఎడమ చెంప, ముక్కు. కుడి చెంప ఉండాల్సిన చోట, నోటి చివర నుంచి చెవి దాకా, నీళ్లు.

ఈరవ్వ ఫోటోను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"నీళ్లే ఉన్నయి గదా బిడ్డా."

"ఇంకో ఫోటో ఇంట్లో లేదా అవ్వా?"

"లేదు. ఎన్నడు దిగలే. పెండ్లి ఫోటోలకు గూడ అవుతలికి పోతుండె." ఫోటోను బల్ల మీద పెట్టింది. "మా మరిది ఇంట్ల పెద్దలందరికి పటాలున్నయి. మాకు లేకున్న నడుస్తది. గది గాదు బాధ. వాని గొంతు నాకు ఇనబడ్తది. నడక యాదికున్నది. మొకం పోతున్నది బిడ్డా. పొద్దుగాల లేసి యాది చేస్కుంటె మొకం కాడ ఏం కానొస్తలేదు. ఇరవై రెండేండ్లు సూసిన. ఎనిమిది నెలలల్ల మర్సిపోతున్న. నేనేం తల్లిని?"

పటం సైజు ఎంత కావాలని అడిగాను. నాకు సిగ్గుగా ఉంది ఇప్పుడు తలుచుకుంటే.

సిరాజ్ అన్నాడు: "నీళ్లు నేను తీసేస్త అవ్వా. ఎనిమిది దినాలైనంక రా."

ఆమె వెళ్లాక నేను గట్టిగానే చీవాట్లు పెట్టాను. బొట్టు వెనక ముఖం ఉండదు. బొట్టు గీకితే అక్కడ నలుపే మిగులుతుంది. రెండు మూడు బొట్లైతే పక్కన ఉన్న చర్మం చూసి పూడ్చవచ్చు. ఇక్కడ సగం ముఖం నీళ్లు. ఉన్నదాన్ని తీయడం కాదు, లేనిదాన్ని పుట్టించడం.

"సగం ఉన్నది గదన్నా" అన్నాడు సిరాజ్. "రెండో సగం గట్లనే ఉంటది."

చిన్న నెగటివ్ మీద ఇంత పని కాదు. నేను దాన్ని పెద్దదిగా ప్రింటు వేసి, దాన్ని మళ్లీ స్టూడియో పెద్ద కెమెరాతో ఫోటో తీసి, అరచేతంత నెగటివ్ తయారు చేశాను. సిరాజ్ దాన్ని కిటికీ దగ్గర పెట్టుకున్నాడు. వెలుగు ఉన్నంత సేపు గీకాడు, పెన్సిల్ పెట్టాడు, గీకాడు. ఎడమ చెంప చూసి కుడి చెంప కట్టాడు. నోటి చివర ఎంత వంగాలి, దవడ ఎక్కడ తిరగాలి అని అద్దం ముందు నోరు వంకర్లు తిప్పి చూసుకున్నాడు. ఎనిమిదో రోజు నేను ప్రింటు వేశాను. నిజం ఒప్పుకుంటాను. అంత మంచి పని నేను మళ్లీ చూడలేదు. నీళ్లు అనేవి ఎన్నడూ అక్కడ లేనట్టే ఉంది. తడి జుట్టుతో ఒక అందమైన కుర్రవాడు ఎదురుగా చూస్తున్నాడు.

ఈరవ్వ పొద్దున్నే వచ్చింది. పెత్రమాస ఎల్లుండి. వస్తూనే, "అంగీ గుండీ ఊసిపోయింది బిడ్డా, కుట్టించుకో" అని నాతో అన్నది. ఆమె కళ్లలో లోపమేమీ లేదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఫోటో చేతికి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ముక్కు మా వానిదే" అన్నది.

సిరాజ్ తల ఊపాడు.

"చెవు మా వానిదే."

మళ్లీ చూసింది. తర్వాత మర్యాదగా, ఊరు కాని ఊరిలో ఎవరి పిల్లవాణ్నో చూసి అడిగినట్టు అడిగింది:

"పిలగాడు మంచిగున్నడు. ఎవ్వలు బిడ్డా?"

నేను ఏదో అనబోయాను. సిరాజ్ అప్పటికే లేచి, బిస్కెట్ల డబ్బాలోని చిన్న ఫోటో తీసి భూతద్దం కింద పెట్టాడు. ఎడమ చెంప మీద నాలుగు గుంటలున్నాయి. పెద్ద నెగటివ్‌లో ఆ నాలుగూ లేవు. వాటిని పూడ్చినట్టు అతనికి గుర్తు కూడా లేదు. కళ్లు నీళ్ల మీద ఉన్నాయి, మనసు కుడి చెంప మీద ఉంది, చెయ్యి మాత్రం పన్నెండేళ్ల అలవాటు కొద్దీ ఎడమ చెంపను నున్నగా చేసి పెట్టింది. ఆ నున్నటి చెంపను చూసి కుడి చెంప కట్టాడు.

"మీ పిలగానికి అమ్మ పోసిందా అవ్వా?"

"ఆరేండ్లప్పుడు. మొకమంత. బతుకుతడనుకోలే. గందుకే ఫోటో అంటె ఉరుకుతుండె. 'నా మొకానికి ఫోటోనా' అంటుండె. పుష్కరాలల్ల ఎట్ల దిగిండో నాకు సమజ్ కాదు."

ఎలా దిగాడో నాకు అప్పుడు గుర్తొచ్చింది. మూడువందల మందిలో ఒక్కడు. "అన్నా, నీళ్లు మంచిగ ఎగిరినంకనే కొట్టు, ముందుగాల కొట్టకు" అని రెండుసార్లు చెప్పాడు. నా విద్య తెలిసినవాడు దొరికాడని నేను సంతోషపడ్డాను. వాడు ఫోటో దిగాలనుకున్నాడు, ముఖం మాత్రం నీళ్ల చాటున పెట్టుకున్నాడు. నీళ్లను నేను అంత బాగా ఆపకపోయినా బాగుండేది. ఆ రోజు నా మీద నాకు వచ్చినంత అసహ్యం మళ్లీ రాలేదు.

కానీ అసహ్యం వచ్చినప్పుడు మనిషి తెలివి తక్కువ మాటలే మాట్లాడతాడు. సిరాజ్‌ను పక్కకు పిలిచి, "ఏవో నాలుగు మచ్చలు పెట్టెయ్. మచ్చ మచ్చే కదా" అన్నాను.

"గట్లయితె ఇంకో పిలగాడు అయితడన్నా" అన్నాడు సిరాజ్. "ఇప్పటికే ఒగన్ని చేసిన."

దూదికి స్పిరిట్ అద్ది నెగటివ్ మీద ఎడమ చెంపను తుడిచాడు. పెన్సిల్ పోయింది, నాలుగు గుంటలూ తిరిగి వచ్చాయి. కుడి చెంప కింద తుడిస్తే బయటపడేది ఏమీ లేదు. అసలు నెగటివ్‌లో అక్కడ ఉన్నది గోదావరి.

"ఈ దిక్కు ఎక్కడెక్కడ ఉండె అవ్వా?"

ఈరవ్వ కళ్లు మూసుకుంది. తెరిచింది. "మొకమే యాదికి లేదంటి గదా బిడ్డా. మచ్చలు ఎక్కడికెల్లి యాదికుంటయి?" అన్నది. అప్పుడు మొదటిసారి ఏడ్చింది. చప్పుడు లేకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. నేను పక్క హోటల్ నుంచి టీ తెప్పించాను. తాగలేదు.

సిరాజ్ ఏదో ఒక మాట కలపాలని కాబోలు, "గప్పుడు ఏం మందు రాసినవు అవ్వా?" అని అడిగాడు.

"మందెక్కడిది? పసుపు, వేపాకు. నూరి ఒక్కొక్క దాని మీద పెడుతుంటి. పొద్దుగాల, పొద్దుమీకి. మూడు వారాలు. ఇంకో మనిషిని ముట్టనియ్యలే."

చెబుతుండగా ఆమె కుడిచేతి ఉంగరపు వేలు ఒళ్లో కదులుతోంది. ఒకచోట ఆనుతోంది, కొంచెం జరుగుతోంది, మళ్లీ ఆనుతోంది. నేను దాన్ని చూసి ముసలితనపు వణుకు అనుకున్నాను. సిరాజ్ అలా అనుకోలేదు. హోటల్‌కు వెళ్లి సాసర్‌లో ఇంత పసుపు తడిపి తెచ్చాడు. టోపీ తీసి పక్కన పెట్టి, ఆమె ముందు నేల మీద కూర్చొని ముఖం పైకెత్తాడు.

"నాకు పెట్టు అవ్వా. కుడి దిక్కు."

ఈరవ్వ వెనక్కి జరిగింది. "మీరు సాయబులు గదా బిడ్డా. ఇది అమ్మ పసుపు."

"అమ్మ మమ్ముల గూడ ఇడిసిపెట్టలే అవ్వా. మా చెల్లె కనీజ్‌కు పోసినప్పుడు మా అమ్మ గూడ గిదే పెట్టింది. పెట్టు."

ఎడమచేత్తో అతని గడ్డం పట్టుకుంది. వేలు పసుపులో ముంచింది. అతని ముఖం చూస్తూ ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. వేలు సూటిగా పోయి చెవి ముందు ఆగింది.

"గిక్కడొకటి. గిది పెద్దది. గోకిండు, నెత్తురొచ్చింది."

దాని కింద ఇంకొకటి. "గిక్కడ రెండు కలిసి ఒకటే అయినయి." కంటి కింద ఒకటి. "గిది సూసి కన్ను పోతదనుకున్న." ఆమె వేలు ఎక్కడా వెతుక్కోలేదు. కళ్లు తెరిస్తే తడబడేది, మళ్లీ మూసుకునేది. దవడ దగ్గరికి వచ్చేసరికి సిరాజ్‌కు చక్కిలిగింత పుట్టి కదిలాడు. "కదలకు నాయిన. అయిపోయింది, అయిపోయింది" అన్నది. ముప్పై నాలుగేళ్ల మనిషితో అలా మాట్లాడరు. ఆరేళ్లవాడితో మాట్లాడతారు. నేను కెమెరా తుడవడం మొదలుపెట్టాను. అది శుభ్రంగానే ఉంది.

అన్నీ కలిపి పదకొండు.

సరిగ్గా అప్పుడు తహసీల్ గుమాస్తా ఒకాయన ఫోటో దిగడానికి వచ్చాడు. నేల మీద కూర్చున్న సిరాజ్‌నూ, చెంప మీది పసుపు చుక్కలనూ చూశాడు.

"ఏమైంది?" అన్నాడు.

"టచింగ్" అన్నాను.

ఆయన రేపు వస్తానని వెళ్లిపోయాడు.

సిరాజ్ గడ్డం గీసుకునే అద్దాన్ని కిటికీకి ఆనించి, పక్కనే నెగటివ్ పెట్టుకున్నాడు. అద్దంలో కుడిఎడమలు తారుమారు. నెగటివ్‌ను మందు పూసిన వైపు నుంచి చూస్తే, మేము పని చేసేది ఆ వైపే, అక్కడా తారుమారే. కాబట్టి అద్దంలో చుక్క ఎక్కడ ఉంటే నెగటివ్‌లోనూ అక్కడే. ఈ ఒక్క విషయంలో ఆ రోజు మాకు కష్టం లేకపోయింది. సూదితో ఒక్కో గుంట గీకాడు, అంచున వెలుగు పడే వైపు పెన్సిల్‌తో వెంట్రుక వాసి గీత పెట్టాడు. పూడ్చడం అలవాటైన చెయ్యి తవ్వడానికి మొరాయించింది. మొదటి గుంటకు అరగంట పట్టింది. ఈరవ్వ పక్కన స్టూలు మీద కూర్చొని, "గిది లోతు తక్కువ", "గది ఇంకింత" అని చెబుతూ ఉంది. మధ్యాహ్నం సిరాజ్ నమాజుకు పోలేదు. బహుశా ఆ ముఖంతో పోలేక కావచ్చు.

పని అయ్యాక నెగటివ్ నా చేతికి ఇచ్చి, తువాలు కోసం చెయ్యి చాపాడు. ఈరవ్వ ఆ చేతి మీద కొట్టింది.

"పసుపు తుడ్వద్దు. అమ్మ దిగినంక నీళ్లు పోయాలె. గట్లనే తుడిస్తె మంచిది గాదు."

"ఇంటికి పోయి పోసుకుంట అవ్వా."

"ఇంటికి ఎట్ల పోతవు? గిప్పుడే పోయాలె."

అమ్మవారు తగ్గాక వేపాకు నీళ్లతో తలకు పోస్తే గానీ ఆ మనిషిని నలుగురిలోకి రానివ్వకపోవడం మా వైపు పద్ధతి. ఆమె తనే బస్టాండు పక్క వేపచెట్టు నుంచి రెబ్బ విరిచి తెచ్చింది. దుకాణం వెనక బకెట్‌లో వేసింది. నేను డార్క్ రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. కాగితం మీద వెలుగు పడనిచ్చి, మందులో ముంచాను. గోడకు అవతల నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. చెంబు ముంచడం, పోయడం, నీళ్లు నేల మీద చిట్లడం. "కండ్లు మూస్కో" అని ఆమె గొంతు. నా ముందు కాగితం మీద ముందు జుట్టు వచ్చింది, తర్వాత నుదురు, కళ్లు. చివరికి చెంపలు. ఎడమన నాలుగు, కుడిన పదకొండు. నాకు దుఃఖం ఆగలేదు. డార్క్ రూమ్‌లో ఏడిస్తే ఎవరికీ తెలియదు కాబట్టి కావలసినంత ఏడ్చాను.

హైపో మందులో కడిగి, ప్రింటును నీళ్ల ట్రేలో పెట్టుకొని వెనకకు తెచ్చాను. సిరాజ్ బకెట్ పక్కన నిలబడి ఉన్నాడు. చొక్కా ఒంటికి అంటుకొని ఉంది, జుట్టు నుంచి, గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. పసుపు పోయింది. ఇద్దరం ఈరవ్వ ముఖం వైపు చూస్తున్నాం.

ఆమె ట్రే మీదికి వంగింది. మా వాడేనని అనలేదు. మంచిగుందని అనలేదు. ముఖం చిట్లించింది. రోజూ పొద్దున ఇంట్లో ఎలా అంటుందో అలా, విసుగ్గా అన్నది:

"ఎన్నిమాట్ల చెప్పాలెరా? తల తుడుసుకో. సర్ది చేస్తది."

ఆ మాట అన్నది ఫోటోతో. సిరాజ్ తనతోనే అన్నదనుకొని, "తుడుసుకుంట అవ్వా" అని తువాలు తీసుకొని తల తుడుచుకున్నాడు.